నాన్న, నేను, ముగ్గురు పోస్ట్‌మ్యాన్లు

ఆదివారం రాత్రి పన్నెండున్నరకి ఇంటికొచ్చి పడ్డాం. బట్టలింకా సూట్‌కేస్‌లోనే ఉన్నాయి, బాబు లంచ్‌బాక్స్ కడగలేదు, అవన్నీ వదిలేసి ఇది రాస్తున్నా, ఎందుకంటే ఇంకో వారం ఆగితే నాన్న అన్న మాటల్లో సగం మర్చిపోతాను.

అసలు ఎలా మొదలైందంటే, మా వంటింట్లో ఒక క్యాలెండర్ ఉంది, ఆఫీసులో ఎవరో ఇచ్చింది, నెలకో పెయింటింగ్ ఉంటుంది. నాన్నా అమ్మా ఆగస్టులో ఇక్కడికి (మేముండేది నార్త్ కరొలైనా, కేరీలో) వచ్చారు. సెప్టెంబర్ పేజీ తిప్పగానే నాన్న టీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. నీలం కోటు, బంగారు రంగు గుండీలు, పెద్ద గడ్డం, టోపీ మీద అక్షరాలు. "ఈయన పోస్టాఫీసోడేనమ్మా, టోపీ మీద రాసుంది చూడు" అన్నాడు. మా నాన్న తణుకు దగ్గర 36 ఏళ్ళు పోస్ట్‌మ్యాన్‌గా చేసి 2016లో రిటైర్ అయ్యాడు. దువ్వ, వేల్పూరు వైపు సైకిల్ మీద తిరిగినాయన. నయాగరా చూపిస్తానంటే "నీళ్ళే కదా, మన గోదారి లేదా" అన్న మనిషి, ఈ బొమ్మ నిజంది ఎక్కడుంటుంది అని తనంతట తనే అడిగాడు.

వెతికితే తెలిసింది, నిజంది అంటే ఒకటి కాదు. విన్సెంట్ వాన్ గో అనే డచ్ చిత్రకారుడు ఈ టోపీ ఆయన్ని, పేరు రూలాన్, ఆరుసార్లు రంగుల్లో వేశాడు, 1888లోనూ 1889 మొదట్లోనూ. అందులో మూడు బోస్టన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియాల్లో ఉన్నాయి. మూడూ ఒకే రైలు దారి మీద! బాబుని చూసుకోడానికి అమ్మ ఉండిపోతానంది ("గడ్డాలోడి కోసం నేను రాను" అని కూడా అంది). సరే, అక్టోబర్లో నాలుగు రోజులు, నేనూ నాన్నా.

గురువారం, బోస్టన్

మొదటి రోజే దారి తప్పాం. గ్రీన్ లైన్ అని ఒక లోకల్ ట్రైన్ ఉంది, దానికి నాలుగు కొమ్మలు, బి, సి, డి, ఇ. మ్యూజియంకి ఇ ఎక్కాలి, నేను నాన్నకి టికెట్ మెషీన్ ఎలా పనిచేస్తుందో వివరిస్తూ (మనిషికి రెండు డాలర్ల నలభై సెంట్లు) వచ్చిన బండి ఎక్కేశా, అది డి. భూమిలోంచి బయటికొచ్చి ఫెన్‌వే అని బోర్డు కనబడ్డాక గానీ వెలగలేదు. నాన్న మాత్రం చాలా సంతోషించాడు. "బీట్ తప్పినప్పుడే కొత్త ఊరు తెలుస్తాది" అన్నాడు. అక్కణ్ణించి పావుగంట నడక.

ఆ నడకలోనే ఒక పోస్టల్ వ్యాన్ ఆగి ఉంది, తెల్లగా, పెట్టెలా. నాన్న దాని చుట్టూ తిరిగి "అమ్మాయ్, స్టీరింగ్ మనవైపుందే!" అని అరిచాడు. నిజమే, ఇక్కడ పోస్టల్ బళ్ళకి స్టీరింగ్ కుడిపక్కన ఉంటుంది, దిగకుండానే రోడ్డు పక్కనున్న డబ్బాల్లో ఉత్తరాలు వెయ్యడానికి. పన్నెండేళ్ళ నుంచి ఇక్కడుంటున్నా, నాకిది తెలీదంటే నమ్మండి. ఇంతలో ఆ బండి తాలూకు పోస్ట్‌ఉమన్ వచ్చింది, యాభై ఏళ్ళావిడ, నిక్కరూ నీలం చొక్కా, భుజాన సంచి. మ్యూజియంకి దారి అడగమని నాన్న నన్ను పొడిచాడు. ఆవిడ చెయ్యి చాపి చెట్ల సందులోంచి వెళ్ళమంది, "మీ నాన్నగారు నా బండిలో ఏం వెతుకుతున్నారు" అని నవ్వుతూనే అడిగింది. ఆయనా పోస్ట్‌మ్యానే అని చెప్పా. అంతే, ఇద్దరూ షేక్‌హ్యాండ్. నాన్న తన ఎడమ భుజం చూపించి "డౌన్" అన్నాడు, ఆవిడ తన కుడి భుజం చూపించి "డౌన్" అంది. సంచి వల్ల వాలిపోయే భుజం. దానికి ఇంగ్లీష్ పెద్దగా అక్కర్లేకపోయింది.

మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో టికెట్లు ఇద్దరికీ కలిపి యాభై డాలర్లు దాటాయి. నాన్న మనసులో రూపాయల్లోకి మార్చుకున్నాడు, మొహం చూస్తే తెలిసిపోతుంది, నాలుగు వేల పైచిలుకు. "మా బ్రాంచాఫీసు బీపీఎం (బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్) జీతం ఒకప్పుడు ఇందులో సగం లేదు" అన్నాడు.

ఇక ఆ బొమ్మ. క్యాలెండర్‌లో ఉన్నది తలా ఛాతీ వరకే, ఇక్కడున్నది రూలాన్ కూర్చున్నది, 81 సెంటీమీటర్ల ఎత్తు. లేత నీలం గోడ, దాని ముందు ముదురు నీలం యూనిఫాం, పేము కుర్చీ. ఒక చెయ్యి టేబుల్ మీద, ఇంకో చెయ్యి కుర్చీ చెయ్యి మీద. గడ్డం రెండు పాయలుగా విడిపోయి ఛాతీ మీదకి దిగింది. నేను టోపీ మీదున్న 'పోస్టెస్' అనే ఫ్రెంచ్ మాట చదువుతున్నా. నాన్న చేతులు చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. పెద్ద చేతులు, వేళ్ళు సరిగ్గా గీసినట్టు కూడా ఉండవు, కొంచెం మొద్దుగా, ఎక్కడ పెట్టుకోవాలో తెలీనట్టు ఉంటాయి.

"ఈయనకి ఊరికే కూర్చోడం అలవాటు లేదమ్మా" అన్నాడు. "సంచి లేకపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. రిటైర్ అయిన మొదటి నెల నాకూ అంతే."

ఇది నేను చదివిన దానితో కలవడం చూసి నాకు ఒళ్ళు జలదరించింది. రూలాన్ కూర్చున్నప్పుడు మరీ బిగుసుకుపోయాడని, అందుకే రెండోసారి ఒకే కూర్చోడంలో ఇంకోటి వేశాననీ వాన్ గో ఎమిల్ బెర్నార్ అనే చిత్రకారుడు స్నేహితుడికి రాశాడు. ఇంకో సంగతి కూడా ఉంది. బొమ్మకి కూర్చున్నందుకు రూలాన్ డబ్బులు తీసుకోలేదట, బదులుగా వాన్ గోతో కలిసి తిన్నాడు, తాగాడు, చివరికి డబ్బులిచ్చిన దానికంటే ఖర్చు ఎక్కువైందని విన్సెంట్ గొణుగుడు. ఇది చెప్తే నాన్న గట్టిగా నవ్వాడు, పక్కనాళ్ళు తిరిగి చూశారు. మనియార్డర్ ఇచ్చినప్పుడు జనం ఐదో పదో పెట్టబోతే నాన్న తీసుకునేవాడు కాదని మా ఇంట్లో గొప్పగా చెప్పుకుంటాం. "డబ్బులు తీసుకోలేదు గానీ కొబ్బరికాయలు తీసుకున్నా, మావిడికాయలు తీసుకున్నా, ఓసారి బొమ్మిడాయిలు కూడా తీసుకున్నా" అని అప్పుడు ఒప్పుకున్నాడు. సైకిల్ హ్యాండిల్‌కి వేలాడుతూ వచ్చిన ఆ మావిడికాయల సంచులు నాకు గుర్తే, కొన్నవనుకునేదాన్ని.

తర్వాత నేనొక మాట చెప్పి ఇరుక్కున్నా. రూలాన్ ఇంటింటికీ ఉత్తరాలు పంచేవాడు కాదు, దక్షిణ ఫ్రాన్స్‌లో ఆర్ల్ అనే ఊరి రైల్వే స్టేషన్లో పోస్టల్ సంచులు దించడం ఎక్కించడం చూసుకునే ఉద్యోగి. వాన్ గో అద్దెకున్న పసుపు ఇల్లు ఆ స్టేషన్‌కి దగ్గర్లోనే. పోస్ట్‌మ్యాన్ అనడం ఆ చిత్రకారుడి అలవాటు, అదే పేరు నిలబడిపోయింది.

"ఏంటీ!" అన్నాడు నాన్న. "అయితే పోస్ట్‌మ్యానేంటి, ఆర్ఎంఎస్ వాడు!"

ఇప్పటి పిల్లలకి తెలీదేమో, ఆర్ఎంఎస్ అంటే రైల్వే మెయిల్ సర్వీస్. నాన్న లెక్కలో అది వేరే కులం. రైల్లోంచి సంచి దించుకోవాలి, లక్క సీలు పగల్లేదని చూడాలి, లిస్టుతో లెక్క సరిచూడాలి, సార్టింగ్ చెయ్యాలి, ఊళ్ళవారీగా మళ్ళీ కట్టాలి. "రాజమండ్రి ఆర్ఎంఎస్ వాళ్ళకి మేమంటే చులకన, మేం ఎండలో తిరిగేవాళ్ళం, వాళ్ళు ఫ్యాను కింద" అని, అప్పటిదాకా స్నేహంగా చూసిన రూలాన్ని కాస్త అనుమానంగా చూశాడు. ఆ కోటు మీద దుమ్ము లేకపోవడం కూడా అప్పుడే కనిపెట్టాడు.

వేలు పెట్టి చూపిస్తుంటే సెక్యూరిటీ ఆయన వచ్చి వెనక్కి జరగమన్నాడు. మర్యాదగానే. జరిగాం. ఆయనే, అవతల ఇంకో బొమ్మ చూడండి, ఈయన భార్య అన్నాడు. ఓగస్తీన్ రూలాన్. ఆకుపచ్చ గౌను, ఎర్రటి నేల, వెనకాల పూలపూల గోడ, ఒళ్ళో చేతుల మధ్య ఒక తాడు. అంతే, తాడు ఎక్కడికి పోతుందో కనబడదు. మా ముందున్న జంట బోర్డు చదివి చదివి ఏదో చర్చిస్తున్నారు. నాన్న బోర్డు వైపు చూడలేదు. "ఉయ్యాల తాడు" అన్నాడు వెంటనే. "మీ నాన్నమ్మ వంటింట్లో కూర్చుని లాగేది, నువ్వు హాల్లో పడుకునేదానివి." నిజంగా అదే. ఉయ్యాల బొమ్మలో లేదు, తాడు మాత్రమే ఉంది. వాన్ గో ఈ ఉయ్యాల తాడు బొమ్మనే ఐదుసార్లు వేశాడు. వాళ్ళకి 1888 జూలై చివర్లో ఆడపిల్ల పుట్టింది, పేరు మార్సెల్. రూలాన్ పక్కా రిపబ్లికన్ (అంటే రాజులు వద్దనే మనిషి), చర్చి ఫాదర్లంటే పడదు, బిడ్డకి ఆ పేరు పెట్టే తంతు ఇంట్లోనే తనే కానిచ్చేశాడని విన్సెంట్ ఉత్తరాల్లో ఉంది. నాన్న "మీ తాతయ్య కూడా అంతే, కమ్యూనిస్టు కదా, పంతుల్ని రానివ్వలేదు" అన్నాడు. మూడు తరాల సంగతులు ఒక ఫ్రెంచి సంసారం ముందు నిలబడి వింటానని ఎవరనుకున్నారు.

సాయంత్రం రేవు దగ్గర క్లామ్ చౌడర్ తెప్పించా. గోదావరి మనిషికి చేపలంటే ప్రాణం కదా అని. చెంచాతో కెలికి "పాల్లో గుల్లలేంటమ్మా" అన్నాడు. రెండో చెంచా తినలేదు. వేయించిన హ్యాడక్ చేప మాత్రం బాగుందన్నాడు, ఉప్పూ కారం లేదు గానీ తాజాగా ఉందని. నేను పర్సులో పెట్టుకెళ్ళిన గొడ్డుకారం ప్యాకెట్ తీశా. పక్క టేబుల్ వాళ్ళు కూడా అడిగి కొంచెం వేసుకున్నారు, తర్వాత వాళ్ళేమయ్యారో తెలీదు.

శుక్రవారం, రైలు దిగిన చోటు

బోస్టన్ నుంచి న్యూయార్క్ నాలుగ్గంటల పైనే. కనెక్టికట్‌లో కిటికీ పక్కనే సముద్రం, పడవలు, ఎర్రబడిన చెట్లు, ఇవన్నీ వదిలేసి నాన్న సగం దారి పడుకున్నాడు. రాయాల్సింది దిగాక జరిగింది.

మా రైలు దిగి పైకొస్తే మోయినిహన్ ట్రైన్ హాల్ అనే పెద్ద అద్దాల పైకప్పు హాల్లోకి వచ్చాం. 2021 జనవరిలో తెరిచారు, దానికి ముందు ఈ బిల్డింగే న్యూయార్క్ పెద్ద పోస్టాఫీసు. పట్టాల మీద కట్టారు, పైనించి సంచులు కిందున్న రైళ్ళలోకి దించడానికి. అంటే మన రూలాన్ ఉద్యోగం, వంద రెట్లు పెద్దది. బయటికెళ్ళి ఎనిమిదో అవెన్యూ మెట్లెక్కి చూస్తే స్తంభాల పైన రాతిలో చెక్కిన వాక్యం, మంచూ వానా ఎండా చీకటీ ఏదీ ఈ వార్తాహరుల్ని ఆపలేదని. పాత గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ మాట, పర్షియా వాళ్ళ గుర్రపు టపా గురించి అన్నది. తెలుగులో చెప్పా. నాన్న తల పైకెత్తి కాసేపు చూసి "సైక్లోను అని రాయలేదే" అన్నాడు. 1996 నవంబర్ తుఫానప్పుడు నాలుగు రోజులు కరెంటు లేదు, చెట్లన్నీ రోడ్ల మీద, ఆయన సైకిల్ భుజానేసుకుని పెన్షన్ మనియార్డర్లు పంచాడు. ఇది మాత్రం ఇంట్లో చాలాసార్లు విన్న కథే, విసుగొచ్చేంత. కానీ ఆ మెట్ల మీద విసుగు రాలేదు.

మెట్ల మీద ఫోటో తీస్తానంటే చొక్కా సరిచేసుకుని చేతులు రెండూ ప్యాంటుకి అతికించి నిలబడ్డాడు. "ఊరికే మామూలుగా ఉండు నాన్నా" అంటే ఇంకా బిగుసుకుపోయాడు. నాకు రూలాన్ గుర్తొచ్చాడు.

రాత్రికి న్యూజెర్సీ, ఎడిసన్‌లో బాబాయి కొడుకు ఇంట్లో. వదిన గుత్తివంకాయ చేసింది, నాన్న రెండు రోజుల ఆకలి తీర్చుకున్నాడు. పొద్దున్నే ఓక్ ట్రీ రోడ్డులో పెసరట్టు ఉప్మా. అక్కడ కౌంటర్లో ఉన్న కుర్రాడిది తాడేపల్లిగూడెం, అల్లం చట్నీ రెండోసారి డబ్బులు తీసుకోకుండా ఇచ్చాడు. ఇంక ఎడిసన్ గురించి చెప్పక్కర్లేదు, తెలుగువాళ్ళకి తెలియని ఊరా.

శనివారం, మోమా, తర్వాత గుర్రబ్బళ్ళ వీధి

మోమా (న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్) టికెట్ నాకు ముప్పై డాలర్లు, నాన్నకి సీనియర్ టికెట్ ఇరవై రెండు అయింది. "ముసలోడికి రేటు తక్కువా, బానే ఉంది" అని ముచ్చటపడ్డాడు. ఐదో ఫ్లోర్‌లో ఒక చోట జనం పెళ్ళి పందిట్లోలా గుమిగూడి ఉన్నారు, అందరి ఫోన్లూ పైకెత్తి. అది వాన్ గోదే, స్టారీ నైట్ అనే బొమ్మ. నాన్న ఆ గుంపులోకి రానన్నాడు. ఆ పక్కనే రూలాన్, ఆయన ముందు మాత్రం ముగ్గురే ఉన్నారు, హాయిగా.

ఇదే క్యాలెండర్ బొమ్మ. 1889 మొదట్లో వేసింది. ఆకుపచ్చ గోడ నిండా పూలు, గడ్డం చుట్టలు చుట్టలుగా, అలల్లా, ఒక్కో పాయలోనూ నాలుగైదు రంగులు. అందంగా చూస్తే ఇదే అందమైంది. నాన్నకి నచ్చలేదు.

"చేతులేవీ?"

లేవు. ఛాతీ దగ్గరే ఆగిపోయింది. నేను చదివిందంతా అప్పుడు కుక్కి కుక్కి చెప్పా. 1888 డిసెంబర్ 23 రాత్రి వాన్ గో తన చెవి కోసుకున్నాడు కదా, అందరికీ తెలిసిన గొడవ. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళి చూసొచ్చిందీ, ఎలా ఉన్నాడో తమ్ముడికీ చెల్లెలికీ ఉత్తరాలు రాసిందీ ఈ రూలానే. జనవరిలో ఆయనకి మార్సెయ్‌కి బదిలీ అయింది. నెలకి 135 ఫ్రాంకుల జీతం, ముగ్గురు పిల్లలు, బదిలీ మీద పెరిగింది ఏ మూలకీ రాదు. వాన్ గో తమ్ముడు థియోకి ఈ జీతం లెక్క కూడా రాశాడు. తర్వాత వేసిన ఈ పూల గోడ బొమ్మలు, మనిషి ఎదురుగా లేకుండా, పాత బొమ్మల్ని చూసీ గుర్తు పెట్టుకునీ వేసినవని అంటారు.

"అదీ సంగతి" అన్నాడు నాన్న. "మనిషి వెళ్ళిపోయాక మొహం గుర్తుంటాది, చేతులు ఎవరికి గుర్తుంటాయి?"

నిజానికి అంతకుముందు ఎదురుగా కూర్చోబెట్టి వేసిన వాటిలో కూడా చేతుల్లేనిది ఒకటుంది, డెట్రాయిట్‌లో. నాన్న సిద్ధాంతం అంత గట్టిగా నిలబడదు. కానీ నేను ఆ మాట అనలేదు.

బయట ఆరో అవెన్యూ మూల మీద బండి దగ్గర చికెన్ రైస్ తిన్నాం, తెల్ల సాస్ వేసి. మసాలా తగిలేసరికి నాన్న మొహం విచ్చుకుంది. తిని, అరిగించుకోడానికి సెంట్రల్ పార్క్ వైపు నడిచాం. పార్క్ మొదట్లో గుర్రబ్బళ్ళు. "జట్కాలు!" అన్నాడు. రేటు అడిగి వెంటనే నడక మొదలెట్టాడు.

అక్కడే ఫుట్‌పాత్ మీద వరుసగా బొమ్మలు గీసేవాళ్ళు. అట్ట మీద పెద్ద అక్షరాల్లో పది డాలర్లు అని. నాన్న ఆగాడు. నేనేమీ అనలేదు, తనే స్టూల్ మీద కూర్చున్నాడు. గీసే ఆయన పెద్దాయనే, మాట తక్కువ. బొగ్గు పెన్సిల్ తీశాక అప్పుడు చెప్పాడు, పది డాలర్లు పక్కనించి మొహానికట, ఎదురుగా అయితే ఇరవై. (అట్ట మీద కింద చీమంత అక్షరాల్లో ఉంది అది.) సరే అన్నాం. నాన్న నన్ను పిలిచి "చేతులు కూడా వెయ్యమను" అన్నాడు. అడిగా.

"హ్యాండ్స్ ఎక్స్‌ట్రా. టెన్ మోర్."

నాకు నవ్వాగలేదు. నాన్న నవ్వలేదు, తణుకు సంతలో బేరం ఆడినట్టు లేచి నిలబడ్డాడు, రెండడుగులు వేశాడు. ఆయన వెనక్కి పిలిచాడు, మొత్తానికి పాతికకి తెగింది. అమెరికాలో కూడా ఈ రెండడుగుల విద్య పనిచేస్తుందని నాకు తెలీదు.

ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. కదల్లేదు, రెప్ప కూడా లెక్కపెట్టి కొట్టినట్టున్నాడు. చేతులు మోకాళ్ళ మీద. మొహం పర్వాలేదు, ముక్కు మాత్రం ఎవరిదో. చేతులు చూసి నేను పెదవి విరిచా, కుడిచేతి చూపుడు వేలు పైకణుపు దగ్గర పక్కకి వంగిపోయి, బెండకాయలా ఉంది. "చూశావా నాన్నా, ఎక్స్‌ట్రా తీసుకుని కూడా వేలు వంకరగా గీశాడు" అన్నా.

నాన్న తన చెయ్యి ఎత్తి చూపించాడు.

వంకరే. నిజంగానే పక్కకి వంగి ఉంది. నలభై ఏళ్ళు దాటాయి నాకు, ఆ వేలు పట్టుకునే స్కూలుకెళ్ళా, ఎప్పుడూ చూడలేదు. ఏమైందంటే "దువ్వలో కుక్క, రిజిస్టర్ ఉత్తరం ఇవ్వడానికి గేటు తీస్తుంటే. కట్టు సరిగ్గా కట్టించుకోలేదు, సంక్రాంతి మనియార్డర్లు ఉన్నాయి, టైం ఏదీ" అన్నాడు. ఎప్పుడు అంటే, నువ్వు పుట్టకముందు అన్నాడు. తేదీముద్ర కొట్టేటప్పుడు ఆ వేలు పక్కకి పెట్టుకోవాల్సి వచ్చేదట, దానికే అలవాటు పడిపోయిందట.

ఆ కాగితం చుట్టి ఇచ్చినప్పుడు రబ్బరు బ్యాండు అడిగితే లేదన్నాడు గీసినాయన. నాన్న జేబులోంచి తీశాడు. మా నాన్న జేబులో ఎప్పుడూ రబ్బరు బ్యాండ్లుంటాయి, ఉత్తరాల కట్టల అలవాటు, రిటైరై ఇన్నేళ్ళయినా పోలేదు.

ఆదివారం, ఫిలడెల్ఫియా

పొద్దున్నే ట్రెంటన్‌లో బండి మారి ఫిలడెల్ఫియా. థర్టీయెత్ స్ట్రీట్ స్టేషన్ పక్కనే ఒక భారీ బిల్డింగ్, అది ఆ ఊరి పాత మెయిన్ పోస్టాఫీసు, ఇప్పుడు ఇన్‌కం టాక్స్ వాళ్ళది. నాన్న: "న్యూయార్క్‌లో రైల్వేకిచ్చారు, ఇక్కడ టాక్సుకిచ్చారు. మా ఆఫీసు ఇంకా పోస్టాఫీసే, చూరు కారుతాది గానీ."

ముందు రీడింగ్ టెర్మినల్ మార్కెట్‌కి తీసుకెళ్ళా తిండికి. ఆదివారం కదా, ఆమిష్ అనే క్రైస్తవ వర్గం వాళ్ళ షాపులు మూసేసి ఉన్నాయి, నేను ఊరించిన రొట్టెలూ జాములూ ఏవీ లేవు. ఇక్కడ పేరున్న చీజ్‌స్టేక్ బీఫ్, మేం తినం. చివరికి మెత్తటి ప్రెట్జెల్ ఒకటి, కాఫీ. "ఉప్పేసిన మురుకు, వేయించడం మర్చిపోయారు" అన్నాడు.

బార్న్స్ ఫౌండేషన్ అనే మ్యూజియం మాత్రం నాన్నని పూర్తిగా లొంగదీసుకుంది. ఆ బార్న్స్ అనే డాక్టర్ ఫిలడెల్ఫియాలోనే పేదింట్లో పుట్టాడు, 1872లో. వెండితో చేసిన ఆర్జిరాల్ అనే మందు, పుట్టిన పిల్లల కళ్ళకి ఇన్ఫెక్షన్ రాకుండా వేసేది, దాన్ని అమ్మి కోట్లు గడించాడు. 1912లో చదువుకున్నప్పటి స్నేహితుడైన గ్లాకెన్స్ అనే చిత్రకారుడికి 20,000 డాలర్లిచ్చి పారిస్ పంపాడు, బొమ్మలు కొనుక్కురమ్మని. అప్పుడు వచ్చిన వాటిలో ఒకటి ఈ పోస్ట్‌మ్యాన్. ఇంతా చేసి బార్న్స్ వాళ్ళ నాన్న అసలు పని కసాయి, అమెరికా అంతర్యుద్ధంలో కుడి చెయ్యి పోయింది, తర్వాత దొరికిన పనల్లా చేశాడు, వాటిలో ఒకటి ఉత్తరాలు పంచడం. ఇది చెప్పగానే నాన్న ఆగిపోయాడు.

"ఒంటిచేత్తోనా?"

ఒంటిచేత్తోనే. "సంచి సరే భుజాన ఉంటాది, కట్ట ఎలా పట్టుకుంటాడు, ఉత్తరం ఎలా తీస్తాడు" అని చాలాసేపు తనలో తనే అనుకుంటూ, ఎడమ చెయ్యి ఒక్కటే వాడి ఉత్తరం తీస్తున్నట్టు చేసి చూసుకున్నాడు. అక్కడున్న స్టాఫ్ అమ్మాయి వింతగా చూసింది.

ఆ మ్యూజియంలో గోడల మీద పేర్ల బోర్డులుండవు. బార్న్స్ ఎలా వేలాడదీశాడో అలాగే ఉంచాలి, ఊరి బయటి పాత బిల్డింగ్ నుంచి 2012లో ఇక్కడికి మార్చినప్పుడు కూడా గదులు అచ్చంగా అలాగే కట్టారు. బొమ్మల మధ్యలో పాత తాళంకప్పలు, గొళ్ళేలు, బందులు, గరిటెలు. నాన్న మొదటి గదిలో అరగంట వాటినే చూశాడు, "ఇది మన గాదె బందులా ఉంది" అంటూ. మెయిన్ హాల్లో సెజాన్ అనే ఫ్రెంచ్ చిత్రకారుడు వేసిన పెద్ద పేకాట బొమ్మ ఉంది, ఆడేవాళ్ళు ఆయన ఊరి పొలం పనివాళ్ళు. వాళ్ళ చేతుల్లోనూ పేకలున్నాయి కాబట్టి నాన్నకి అభ్యంతరం లేదు. బార్న్స్ తన ఫ్యాక్టరీలో గోడలకి బొమ్మలు తగిలించి పనివాళ్ళకి రోజుకి రెండు గంటలు చదువూ చర్చా పెట్టించేవాడట. "జీతం కోసేవాడా ఆ రెండు గంటలకి?" అని అడిగాడు. కొయ్యలేదన్నాక, "అయితే మంచోడే" అన్నాడు.

మూడో రూలాన్ దగ్గరికి చేరేసరికి ఇద్దరికీ కాళ్ళు నొప్పి. ఇదీ తల, ఛాతీ, పూల గోడ. చేతుల్లేవు. మోమా బొమ్మకి తమ్ముడిలా ఉంటుంది, కాస్త అలసిన తమ్ముడు. బెంచీ మీద కూర్చుని చూశాం. నాన్న ఈసారి రూలాన్ గురించి ఏమీ అనలేదు. వాళ్ళు ఈ బొమ్మలన్నీ ఏం చేశారు అని అడిగాడు. వాన్ గో వాళ్ళకి ఇచ్చిన బొమ్మల్ని రూలాన్ కొన్నేళ్ళ తర్వాత వొలార్ అనే పారిస్ డీలర్‌కి అమ్మేశాడు, 1903లో చనిపోయాడు. "ఎంతకిచ్చాడో" అన్నాడు. "నెల జీతం కంటే ఎక్కువొస్తే నేనూ ఇచ్చేసేవాణ్ణి. గోడకి వేలాడితే ఏమొస్తాది." కాసేపాగి, "మీ అమ్మ బొమ్మయితే ఇవ్వను" అన్నాడు.

ఆ వీధిలోనే పైకి నడిస్తే పెద్ద మ్యూజియంలో ఓగస్తీన్ పాపని ఎత్తుకున్న బొమ్మా, కొడుకు కమీల్ బొమ్మా ఉన్నాయి. వెళ్దామా అంటే గడియారం చూశాడు, ఫ్లైట్‌కి మూడు గంటలుంది. "సంసారం అంతా ఒకేసారి చూసేస్తే మళ్ళీ రావడానికి ఏముంటాది" అని స్టేషన్ వైపు నడక మొదలెట్టాడు. నాకు ఇప్పటికీ కొంచెం బాధే, ఆ పాపని చూడలేదని.

ఇంటికొచ్చాక అమ్మ బాబుని పడుకోబెట్టి మెలకువగానే ఉంది. చుట్ట విప్పి చూపించాం. అమ్మ లైటు కింద పెట్టి చూసింది, "ముక్కు ఆయనది కాదు" అంది, తర్వాత "వేలు మాత్రం సరిగ్గా వేశాడు" అంది. అంటే ఆవిడకి తెలుసు. ఎంతయిందని అడిగింది. నేను నోరు తెరిచేలోపు నాన్న "పది డాలర్లు" అన్నాడు.